దొంగ కుదురువాలి

పోయిన నెల మదురై నుంచి ఒక పరిశోధక విద్యార్థిని విరుదునగర్‌లో మా ఇంటికి వచ్చింది. ఊదల జన్యువుల మీద పనిచేస్తోందట. తమిళంలో కుదిరైవాలి అనే ఆ చిరుధాన్యాన్ని మా ఇంట్లో కుదురువాలి అనేవాళ్లం; నా నోటికి ఇప్పటికీ ఆ మాటే వస్తుంది. ఆ పిల్ల తన ల్యాప్‌టాప్ తెరిచి ఊద జన్యుక్రమం మొత్తం నా ముందు పెట్టింది. ఏ జన్యువు ఎక్కడుందో, ఆకు ఎండకు వాడినప్పుడు ఏది మేలుకుంటుందో, నీళ్లు పెట్టాక ఏది సద్దుమణుగుతుందో వేలితో జరుపుతూ చూపించింది. మేం ఏళ్ల తరబడి ఒక్కో జన్యువు వెనక పరుగెత్తిన పని అంతా ఒక తెర మీద ఉంది. చూసి సంతోషపడ్డాను. వెళ్లేముందు ఆమె ఒక సందేహం అడిగింది. మా మొదటి వ్యాసంలో లెక్కలన్నీ మూడో ఏటి పైరువి. కానీ కోవిల్‌పట్టి పరిశోధన క్షేత్రం రిజిస్టర్‌లో అంతకుముందు రెండేళ్లు కూడా విత్తినట్టు రాసి ఉంది. ఆ రెండేళ్ల పని ఏమైనట్టు? ఆ విత్తనం పనికిరాలేదని రెండు ముక్కల్లో చెప్పి పంపించాను. ఆమె బస్సెక్కాక, చెప్పవలసింది చెప్పలేదనిపించింది. ఆ రెండేళ్లు ఏమయ్యాయో తెలియాలంటే ముందు మా అవ్వ గురించి చెప్పాలి.

మా ఇల్లు కోవిల్‌పట్టిలో, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల వెనక వీధిలో ఉండేది. రెండు గదులు, ముందు ఒక తిన్నె. నాయన నూలు మిల్లులో పనిచేసేవాడు. అమ్మ అగ్గిపుల్లల్ని చట్రాల్లో పేర్చే పనికి పోయేది. సాయంత్రం ఇంటికి వస్తే ఆమె కొంగుకు మైనం, గంధకం కలిసిన వాసన ఉండేది. కడుక్కున్నా చేతుల నుంచి పోయేది కాదు. ఆ చేతులతో కలిపిన అన్నానికి కూడా ఆ వాసన కాస్త అంటేది. అది మా ఇంటి వాసన అనుకునేదాన్ని. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగు చదువుకున్నది కాదు, విని పలికినది. నేను తెలుగు అక్షరాలు దిద్దింది ముప్పై దాటాక, హైదరాబాదులో కొన్నాళ్లు ఉద్యోగం చేసినప్పుడు. అక్కడి వాళ్లు నా మాట విని, మా ముత్తవ్వలా మాట్లాడుతున్నావే అని నవ్వేవాళ్లు. నిజానికి నేను మాట్లాడింది మా అవ్వ మాటే.

అవ్వ మా నాయనకు అమ్మ. పేరు వెంకటమ్మ. నలభై ఏళ్లు పరాయి చేలల్లో కలుపు తీసిన మనిషి. ఆమె వీపు ఆ వంపులోనే ఉండిపోయింది. నిలబడ్డా ఏదో వెతుకుతున్నట్టే ఉండేది. రేషన్ బియ్యం వచ్చాక ఇంట్లో అందరం అన్నానికి మళ్లాం. పొరుగింటి వాళ్ల ముందు గంజి తాగితే చిన్నతనం అని అమ్మ తలుపు దగ్గరగా వేసేది. అవ్వ మాత్రం మానలేదు. పగలంతా రోట్లో కుదురువాలి దంచేది, చేటతో చెరిగేది, మట్టికుండలో వండి, చల్లార్చి, మర్నాడు మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగేది. దంచుతున్నప్పుడు లేచే ఊక దుమ్ములో ఎండు గడ్డి వాసన, దాని వెనక కాస్త పాల వాసన. ఆ రెండు గదుల్లో అమ్మ తెచ్చిన గంధకం వాసనతో పోట్లాడి నిలిచింది అదొక్కటే. నేను కాలేజీకి వెళ్లే నాటికి అవ్వ కళ్లలో పొర వచ్చేసింది. మనిషి ఆకారం తెలిసేది, ముఖం తెలిసేది కాదు. అయినా చెరిగిన గింజల్లో ఒక్క రాయి ఉండేది కాదు. చేటలో వేళ్లు ఇటూ అటూ తిప్పి, రాయిని పట్టి పక్కన పడేసేది. అందులో వింతేమీ ఉన్నట్టు మాకెవరికీ తోచలేదు.

ఎంఎస్సీ అయ్యాక ఊరి బయట ఉన్న పరిశోధన క్షేత్రంలో నాకు ప్రాజెక్టు పని దొరికింది. అక్కడ సరోజ మేడమ్ దగ్గర చేరాను. ఆమెది తిరునెల్వేలి. గంజి పెట్టిన నూలు చీర, చేతికి మగవాళ్ల గడియారం. ప్రయోగశాలలో ఆమె కూర్చోగా నేను చూడలేదు. గాజు సామాను ఎవరి చేతా కడిగించేది కాదు, తనే కడిగి, వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ కడిగేది. గొంతు పెంచి మాట్లాడేది కాదు. తప్పు చేస్తే, మళ్లీ చెయ్యి అని మాత్రం అనేది. ఆ రెండు మాటలు వినగానే నేను మొదటి నుంచి మొదలుపెట్టేదాన్ని.

మా పని ఏమిటో కొంచెం చెప్పాలి. మొక్కలో ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి, కానీ అన్నీ అన్ని వేళలా పనిచేయవు. పనికి దిగిన జన్యువు తన నకళ్లు రాసి పంపుతుంది. ఆ నకలే ఆర్‌ఎన్‌ఏ. ఆకులో ఏ నకళ్లు ఎన్ని ఉన్నాయో చూస్తే, ఆ క్షణంలో మొక్క ఏ పనిలో ఉందో తెలుస్తుంది. మా నల్లరేగడి నేలలో, వాన తప్పితే వేరే దిక్కులేని చోట, ఊద ఎలా ఓర్చుకుంటుందన్నది మేడమ్ ప్రశ్న. ఊదకు జన్యువుల సెట్లు ఆరు; మనిషికి రెండే. అందుకే దాని జోలికి వెళ్లడానికి చాలామంది భయపడేవాళ్లు. ఆర్‌ఎన్‌ఏ చూస్తుండగానే చెడిపోతుంది, మన చేతి చెమట తగిలినా విరిగిపోతుంది. అందుకని ఆకు కోసిన క్షణంలోనే తాకితే చర్మం కాలేంత చల్లని ద్రవ నైట్రోజన్‌లో ముంచాలి. ఆ నైట్రోజన్ మదురై నుంచి పెద్ద క్యానులో వ్యానులో వచ్చేది. దారిలో వ్యాను ఆగిపోయిన రోజు సగం ఆవిరై చేరేది. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో పొగలు కక్కే చిన్న డబ్బాతో, నేను మడి నుంచి మడికి పరుగెత్తేదాన్ని. వేళ్లు చాలాసార్లు కాలాయి.

నీళ్లు ఆపిన రోజు నుంచి రోజుకు మూడు మొక్కల ఆకులు తీసేవాళ్లం. ఒకే మడి, ఒకే విత్తనం, ఒకే ఎండ. మూడూ ఒకే మాట చెప్పాలి. చెప్పలేదు. ఒక మొక్కలో దాహానికి సంబంధించిన జన్యువు గట్టిగా పనిచేస్తుంటే, పక్కనే ఉన్న మొక్కలో ఏమీ జరగనట్టే ఉండేది. మొదటి ఏడు నా చేతి తప్పే అనుకున్నాం. మేడమ్ నన్ను పక్కన నిలబెట్టి మొత్తం తనే చేసి చూసింది. అవే లెక్కలు. రెండో ఏడు మళ్లీ విత్తాం. మళ్లీ అంతే. పైనుంచి సమీక్ష సంఘం వస్తుందని కబురు వచ్చింది. ఫలితం చూపకపోతే ప్రాజెక్టు మూతపడుతుంది, నా పని పోతుంది. మిల్లు పని ఎప్పుడు ఆగిపోతుందోనని నాయన అప్పటికే దిగులుగా ఉన్నాడు. నేను అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే అమ్మ పళ్లెం తీసి పక్కన పెట్టేది.

ఆ వారంలోనే ఒకరోజు అవ్వను కళ్లు చూపించడానికి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మధ్యాహ్నం ఆకులు తీసే వేళ తప్పకూడదు కాబట్టి, ముందు ఆమెను పొలానికి తీసుకుపోయి గట్టు మీద తుండు పరిచి కూర్చోబెట్టాను. నేను అటు మడిలో ఆకు కోసి, ముంచి, నంబరు రాసి, తిరిగి చూసేసరికి అవ్వ గట్టు దిగి మడి అంచున ఉంది. చేతిలో నాలుగు మొక్కలు, వేళ్లతో సహా. ఒక్క మొక్క తగ్గినా నా లెక్క తప్పుతుంది. పరుగెత్తుకుంటూ వెళ్లి, ఏం చేశావవ్వా అని చెయ్యి పట్టుకున్నాను.

అవ్వ తప్పు చేసినదానిలా లేదు. "చెయ్యి ఊరికే ఉండలేదు పాపా. కలుపు ఇంత ఉండాది, ఎవురూ తీయలేదే," అంది.

అది కలుపు కాదు, మేం విత్తిన కుదురువాలి అన్నాను.

"ఇది దొంగ కుదురువాలి," అంది అవ్వ. నా చెయ్యి పట్టి మొక్క మొదట్లో, ఆకులు కాండాన్ని చుట్టుకున్న చోట పెట్టింది. "చూడు, దీని కాలు చప్పటగా ఉండాది. మనదాని కాలు గుండ్రంగా ఉంటాది. ఆకు చూస్తే ఏమీ తెలీదు. కంకి వచ్చినంక అందరికీ తెలుస్తాది, అప్పుడు ఏం ప్రయోజనం, గింజంతా రాల్చేసి పోతాది."

నా వేళ్లకు రెండూ ఒకేలా తగిలాయి. కానీ ఆ మాట కొట్టిపారేయలేకపోయాను. ఎందుకంటే మేం కంకి ఎప్పుడూ చూడలేదు. మా ప్రయోగం మొక్కకు నెల నిండకముందే ముగిసేది. మొక్కల వేర్లు తూచడానికి అన్నిటినీ పీకేసేవాళ్లం. ఊదలోకి దాని అడవి చుట్టం కలిసిపోతుందని పుస్తకంలో చదివాను. అది మా విత్తన సంచిలోనే ఉంటుందని అనుకోలేదు. ఆ రోజు ఆసుపత్రికి వెళ్లలేదు. అవ్వను నేరుగా మేడమ్ గదికి తీసుకెళ్లాను.

వేరే ఎవరైనా అయితే నవ్వి పంపేవాళ్లే. మేడమ్ కుర్చీ లాగి అవ్వను కూర్చోమంది, తాను మాత్రం నిలబడే విన్నది. అవ్వ తమిళంలో మళ్లీ చెప్పింది. మేడమ్ ఆ నాలుగు మొక్కల మొదళ్లను చాలాసేపు తడిమి, నాకూ తెలియట్లేదు, పరీక్షిద్దాం అంది. మర్నాడు ఒక సాలులో నలభై మొక్కలకు నంబరు చీటీలు కట్టాం. అవ్వ ఒక్కొక్కదాని దగ్గర గొంతుకూర్చుని, మొదట్లో రెండు వేళ్లు పెట్టి, మనది అనో దొంగ అనో చెప్పింది. మేడమ్ రాసుకుంది. రెండు మొక్కల దగ్గర మాత్రం అవ్వ ఆగింది. మళ్లీ మళ్లీ తడిమింది. "ఇవి నాకు తెలీదు," అని లేచింది. ఏదో ఒకటి చెప్పు అవ్వా అన్నాను నేను, పరీక్షలో ఖాళీ వదలకూడదన్న చదువు నాది కాబట్టి. తెలియనిది ఎలా చెప్పేది అన్నట్టు నావైపు తిరిగి, చెయ్యి దులుపుకుంది.

ఆ సాలుని పీకకుండా ఎదగనిచ్చాం. కంకులు వచ్చేదాకా నాకు నిద్ర సరిగా లేదు. చివరికి వచ్చాయి. అవ్వ మనది అన్న ప్రతి మొక్కకూ గింజలు గట్టిగా పట్టుకున్న ముద్దకంకి; దొంగ అన్న ప్రతిదానికీ బక్కచిక్కిన కంకి, వేలు తగిలితే చాలు రాలిపోయే గింజ. ముప్ఫై ఎనిమిదిలో ఒక్కటీ తప్పలేదు. తెలియదన్న రెండు మొక్కల కంకులు ఇటూ కాదు, అటూ కాదు. గింజ సగం నిలిచింది, సగం రాలింది. మేడమ్ వాటి డిఎన్‌ఏ తీసి చూసింది. రెండింటి గుర్తులూ వాటిలో ఉన్నాయి. పైరుకూ అడవిదానికీ పుట్టిన పిల్లలవి. అవ్వ తెలియదన్నది కూడా తప్పు కాదు. ఆ గుర్తుల పటం చూపిస్తూ మేడమ్ ముఖంలో వచ్చిన వెలుగు నాకు ఇంకా గుర్తుంది. రెండేళ్ల పని పోయిందని తెలిసిన మనిషి ముఖం అలా వెలగడం నేను మళ్లీ చూడలేదు.

నాది అంత గొప్ప మనసు కాదు. సమీక్ష ఇంకా పది రోజులు ఉంది. పోలిక లేని లెక్కలు తీసేసి, పోలిక ఉన్నవి మాత్రం పెట్టి రాస్తే సరిపోతుంది కదా, తేడా మొక్కలు మడికి కొన్నే అని మేడమ్‌ను బతిమాలాను. ఆమె కోప్పడలేదు. ఏది ఏ మొక్కో ఇప్పుడు ఎవరు చెబుతారు, మొక్కలు పీకేశాం కదా అని అడిగింది.

సంఘం వచ్చిన రోజు నేను గోడ పక్కన నిలబడ్డాను. అయిదుగురు పెద్దలు, ముందు బిస్కెట్ల పళ్లేలు. మేడమ్ పటాలేవీ పెట్టలేదు. లేచి, తమిళంలోనే, నెమ్మదిగా అంది: "రెండేళ్లుగా మేం ఏ మొక్కను చదువుతున్నామో మాకే తెలియదు. ఆ లెక్కలు ఎక్కడా వాడకండి. తప్పు విత్తనం చూసుకోని నాది, ఈ అమ్మాయిది కాదు." తరువాత ఆ తప్పు ఎవరు పట్టారో, ఎలా పట్టారో, అవ్వ పేరు, వయసు, ఆమె చేసిన కూలి పనితో సహా చెప్పింది. ఒక పెద్దాయన, కూలి మనిషి మాట మీద రెండేళ్ల పని పారేస్తారా అన్నాడు. మాట మీద కాదు, నలభై మొక్కల మీద అని ఆ కంకుల్ని బల్ల మీద పరిచింది. ప్రాజెక్టును ఒక్క ఏడు పొడిగించారు. ఆ ఏడు ఆమెకు రావలసిన పదోన్నతి రాలేదు. దాని గురించి ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. వేరేవాళ్లు చెబితే తెలిసింది.

మూడో ఏడు మొక్కలు నాలుగు ఆకులు వేయగానే అవ్వ వచ్చింది. రోజూ పొద్దున్నే నా సైకిలు వెనక కూర్చుని, ఒళ్లో గంజి చెంబు పెట్టుకుని వచ్చేది. సాలు వెంట కూర్చుంటూ జరుగుతూ ఒక్కొక్క మొక్కనూ తడిమి, దొంగల్ని పీకి వెనక్కి వేసేది. ఆమె వెనక మేడమ్, ఆమె వెనక నేను. మధ్యాహ్నం వేపచెట్టు కింద మేడమ్ తన డబ్బాలో చింతపండు అన్నం సగం అవ్వకు పెట్టి, ఆ చెంబులో గంజి తను పోయించుకునేది. ఉల్లిపాయ కొరకడం కూడా నేర్చుకుంది. ఆ ఏడు నీళ్లు ఆపి ఆకులు తీసి చూస్తే, మూడు మొక్కలూ ఒకే మాట చెప్పాయి. మొదటి రోజే కాదు, రెండో రోజూ, నాలుగో రోజూ అంతే. ఆ నకళ్లను చూపే పట్టీలు తెరపై ఒకదాని పక్కన ఒకటి సమంగా నిలబడ్డప్పుడు మేడమ్ కుర్చీలో కూర్చుంది. ప్రయోగశాలలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

పీకిన దొంగ మొక్కలు కంచె పక్కన కుప్పగా పడి ఉండేవి. వీటినేం చేస్తారని అవ్వ అడిగితే, కాల్చేస్తామని చెప్పాను.

"కరువొచ్చిన ఏడు చేనంతా మాడిపోయింది పాపా. ఇది మాడలేదు. తెల్లారి లేచి దీని కింద బట్ట పరిచి, రాలిన గింజ ఊడ్చుకొని గంజి కాంచినాము. మీ నాయన అప్పుడు చంటిబిడ్డ. నాకు పాలు వచ్చింది ఆ గంజితోనే. కలుపంటే పీకాల్సిందే. కాలిస్తే మాత్రం పాపం."

ఏమంటోందని మేడమ్ అడిగింది. నేను తమిళంలో చెప్పాను. మేడమ్ లోపలికి వెళ్లి కాగితం కవర్లు తెచ్చింది. పోయిన ఏటి సాలులో రాలిన గింజల్ని అప్పుడే మట్టిలోంచి ఏరి, విడిగా కట్టి దాచిందట; వాటిని నా చేతిలో పెట్టి, ఇక నీ పని ఇది అంది. నా డాక్టరేటు, ఆ తరువాత పాతికేళ్లు, అన్నీ ఆ గింజ మీదే గడిచాయి. ఆకు చుట్టుకుపోయాక గానీ మేలుకోని జన్యువులు మన పైరులో ఉంటే, అడవిదానిలో అవే జన్యువులు ముందే లేచి పనికి దిగుతాయని కొంచెం కొంచెంగా తెలుసుకున్నాం. ఇప్పుడు ఆ మదురై పిల్ల, మొక్క నాలుగు ఆకులు వేయకముందే, ఆకు ముక్క ఒకటి మరలో పెట్టి ఏది పైరో ఏది దొంగో ఒక్క పూటలో తేలుస్తుంది. తప్పు విత్తనం మీద రెండేళ్లు పోగొట్టుకునే బాధ ఆమెకు లేదు, ఉండకూడదు కూడా. కోవిల్‌పట్టి అంగళ్లలో ఊదల్ని అందమైన సంచుల్లో పెట్టి అమ్ముతున్నారు. తలుపు వేసుకుని తాగిన గంజిని పెళ్లి విందుల్లో వడ్డిస్తున్నారు. ఇవన్నీ మంచివే. అయితే ఇన్ని మరలు చూశాక కూడా, తెలియని రెండు మొక్కల దగ్గర ఆగి తెలియదని చెప్పిన చెయ్యిని, అందరి ముందు లేచి నా లెక్క వాడకండి అన్న నోటిని నేను మళ్లీ ఒకేచోట చూడలేదు. నాకు ఇరవై నాలుగేళ్ల వయసులో ఆ ఇద్దరి మధ్య నడిచే భాగ్యం దొరికింది.

మూడో ఏటి ఫలితం చూసి ప్రాజెక్టును కొనసాగించారు. దాని మరుసటి ఏడు విత్తే కాలానికి ముందు మేడమ్ పట్టుబట్టి అవ్వను మదురైలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. పొర తీశారు. కట్టు విప్పిన రోజు అవ్వ నన్ను తేరిపార చూసి, "నీకు అప్పుడే తెల్ల వెంట్రుక వచ్చిందే పాపా," అంది. ఇంటికి వస్తూ బస్సు కిటికీలోంచి దారిపొడుగునా ఊర్ల పేర్ల పలకలు చూపించి చదవమంది. మొక్కలు నాలుగు ఆకులు వేశాయి. అవ్వ పొలానికి వచ్చి, ఈసారి నా చెయ్యి పట్టుకోకుండా తనే గట్టు దిగి, సాలు ముందు నిలబడింది. చాలాసేపు చూసింది. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు.

"అన్నీ ఒకటే మాదిరి ఉండాయే," అంది.

నేను మేడమ్ వైపు చూశాను. మేడమ్ నా వైపు చూసింది. ఆ ఏటి పనంతా ఆ సాలు మీదే ఉంది. చూపు తెప్పించి ఆమె విద్య పోగొట్టామేమో అన్న భయం ఇద్దరికీ ఒకేసారి వచ్చి ఉంటుంది. అవ్వకు మా భయం అర్థమైందో లేదో, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని మొదటి మొక్క దగ్గర గొంతుకూర్చుంది. ఆ కొత్త కళ్లు రెండూ గట్టిగా మూసుకుంది. చెయ్యి మొక్క మొదట్లోకి పోయింది.

"ఇది మనది," అని పక్కదానికి జరిగింది.

మేడమ్ నోటు పుస్తకం తెరిచి రాసుకుంది.